హస్తవాసి నుంచి ఆస్టియోపతీ దాకా

నడుము పట్టేసినప్పుడు ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత తన్నించుకుంటే నొప్పి పోతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో చాలాకాలం ఉండేది. అక్కడక్కడ ఇప్పటికీ ఉంది. నా చిన్నతనంలో మా వీధిలో అటువంటి యోగ్యత గల కుర్రవాడొకడు ఉండేవాడు. తెల్లవారేసరికి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు వాళ్ళ అరుగు మీద బోర్లా పడుకొని ఎదురుచూస్తూ ఉండేవారు. వాడు నిద్రకళ్ళతో వచ్చి తలా మూడు తన్నులు తన్ని మళ్ళీ లోపలికి పోయేవాడు. లేచినవాళ్ళలో కొందరు నిజంగానే తేలికపడ్డామని చెప్పేవారు. తేలికపడనివాళ్ళు వావిలాకు కాపడానికో, ఇసుకమూటకో, ఆముదానికో మళ్ళేవారు. ఎముక విరిగితే మాత్రం దక్షిణాంధ్రలోనూ, తమిళనాడులోనూ మొదట గుర్తుకు వచ్చేది పుత్తూరు కట్టు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలతో వేసే ఆ కట్టు కోసం నేటికీ జనం అక్కడికి వెళుతూనే ఉన్నారు.

వైద్యుడి చేతిలోనే ఏదో గుణం ఉంటుందన్న భావానికి మన భాషలో ఒక చక్కని మాట ఉంది: హస్తవాసి. మందు అదే అయినా ఒకరి హస్తవాసి మంచిది, మరొకరిది కాదు. ఆ మాటను పరీక్షకు పెడితే అందులో ఎంత చేతి నేర్పు, ఎంత నమ్మకం, ఎంత కాలమహిమ? ఈ ప్రశ్నను అందరికంటె ఎక్కువగా ఎదుర్కొన్న ఆధునిక వైద్యశాఖ అమెరికాలో పుట్టిన ఆస్టియోపతీ. మెడనొప్పితోనో నడుమునొప్పితోనో వైద్యుడి పేరు వెతుకుతున్నప్పుడు పేరు చివర ఎమ్.డి.కి బదులు డీ.ఓ. అని కనిపించి తటపటాయించినవారు ఈ పత్రిక పాఠకుల్లో తప్పక ఉంటారు. అసలు ఆ రెండక్షరాలు ఎక్కడివి?

ఆండ్రూ టేలర్ స్టిల్ 1828లో వర్జీనియా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి మెథడిస్టు మతబోధకుడు, వైద్యుడు కూడాను. కుటుంబం కాన్సస్‌కు చేరాక అక్కడి షానీ తెగవారికి వైద్యం చేస్తూ తండ్రి దగ్గరే స్టిల్ వృత్తి నేర్చుకున్నాడు. బానిసత్వానికి వ్యతిరేకంగా నిలిచాడు, కాన్సస్ శాసనసభలో సభ్యుడయ్యాడు, అంతర్యుద్ధంలో పనిచేశాడు. 1864లో మెనింజైటిస్ ఆయన పిల్లలు ముగ్గురిని పొట్టన పెట్టుకుంది. తానూ, తాను పిలిపించిన వైద్యులూ ఇవ్వగలిగిన మందులేవీ పనిచేయలేదు. ఆనాటి మందులు ఎటువంటివో గుర్తుచేసుకోవాలి: పాదరసపు లవణమైన కేలొమెల్, నల్లమందు, సారాయి, రక్తం తీయడం. వాటిమీద స్టిల్‌కు పుట్టిన విరక్తి చాదస్తమని కొట్టిపారేయడానికి వీలులేదు. చాలాసార్లు జబ్బుకంటె మందే ప్రమాదకరంగా ఉన్న కాలమది.

అస్థిపంజరాన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేసిన తరువాత, 1874లో తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. ఎముకలు, కీళ్ళు, కండరాలు తమ స్థానంలో సరిగా కదులుతుంటే రక్తప్రసరణ సాఫీగా సాగుతుంది. అలా సాగితే శరీరం తన రోగాన్ని తానే నయం చేసుకుంటుంది. కాబట్టి వైద్యుడు చేయవలసింది ఎక్కడ కదలిక ఆగిందో చేతులతో కనిపెట్టి దాన్ని విడిపించడం. కాన్సస్‌లో ఎవరూ ఆదరించలేదు. మరుసటి ఏడు మిస్సోరీలోని కర్క్స్‌విల్ అనే చిన్న ఊరికి మకాం మార్చి, తనను తాను 'మెరుపువేగపు ఎముకల వైద్యుడు' అని ప్రకటించుకుంటూ ఊరూరా తిరిగాడు. మన పుత్తూరు కట్టువారికీ ఈయనకూ ఆ దశలో పెద్ద తేడా లేదనే నా అభిప్రాయం. తేడా తరువాత వచ్చింది. 1892లో ఆయన కర్క్స్‌విల్‌లో పాఠశాల తెరిచాడు. ఎడిన్‌బరోలో చదివిన విలియమ్ స్మిత్ అనే వైద్యుణ్ణి శరీరనిర్మాణశాస్త్రం బోధించడానికి పెట్టుకున్నాడు. మొదటి తరగతిలోనే స్త్రీలను చేర్చుకున్నాడు. ఎమ్.డి. పట్టా ఇచ్చే అధికారం పాఠశాలకు ఉన్నా దాన్ని కాదని డీ.ఓ. అన్న కొత్త పట్టాను ఎంచుకున్నాడు. హస్తవాసి ఒక వంశానికో వ్యక్తికో చెందిన రహస్యంగా మిగిలిపోకుండా పాఠ్యక్రమంగా, పరీక్షగా, పట్టాగా మారింది ఇక్కడే. మన ఎముకలు కట్టే వంశాల విద్యకు ఆ యోగం పట్టలేదు.

ఆపైన గుర్తింపు కోసం పోరాటం. 1896లో వెర్మాంట్, 1897లో మిస్సోరీ ఆస్టియోపాత్‌లకు చట్టబద్ధత కల్పించాయి. న్యూయార్క్‌లో 1901లో బిల్లు చర్చకు వచ్చినప్పుడు సాక్షాత్తూ మార్క్ ట్వేన్ ఆల్బనీకి వెళ్ళి, తన శరీరాన్ని ఎవరి చేతిలో పెట్టాలో నిర్ణయించుకునే హక్కు తనదేనని శాసనసభా సంఘం ముందు వాదించాడు. 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక ఆస్టియోపతీ కళాశాలలనూ చెరిగిపారేసింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కొన్ని దశాబ్దాలపాటు వీరితో కలిసి రోగిని చూడటాన్నే వృత్తిధర్మానికి విరుద్ధమని నిషేధించింది. ఈలోగా ఆస్టియోపతీ కూడా మారింది. 1917లో స్టిల్ మరణించిన కొంతకాలానికి ఔషధశాస్త్రం పాఠ్యక్రమంలో చేరింది. శస్త్రచికిత్స, ప్రసూతి ముందే ఉన్నాయి.

ఈ చరిత్రలో అన్నిటికంటె విచిత్రమైన ఘట్టం కాలిఫోర్నియాలో జరిగింది. 1960ల మొదట్లో అక్కడి ఎమ్.డి., డీ.ఓ. సంఘాలు విలీనానికి ఒప్పుకున్నాయి. 65 డాలర్లు కట్టిన డీ.ఓ.కు ఎమ్.డి. పట్టా ఇచ్చారు. రెండువేల మందికి పైగా పుచ్చుకున్నారు. నిన్నటిదాకా మూఢవైద్యులన్నవారు 65 డాలర్లతో ఒక్క పూటలో శాస్త్రీయ వైద్యులయ్యారు. కొత్తగా డీ.ఓ.లకు లైసెన్సు ఇవ్వడం ఆపివేయాలన్నది ఒప్పందంలో భాగం. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1974లో దాన్ని తోసిపుచ్చింది. ఈ మధ్యలోనే, వియత్నాం యుద్ధకాలంలో, సైన్యం డీ.ఓ.లను వైద్యాధికారులుగా తీసుకోవడం మొదలుపెట్టింది. 1973లో మిస్సిసిప్పీతో అన్ని రాష్ట్రాలలోనూ పూర్తి హక్కులు వచ్చాయి. 2020 నాటికి రెసిడెన్సీ శిక్షణ కూడా రెండు పట్టాలవారికీ ఒకే గుర్తింపు వ్యవస్థ కిందికి వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇదంతా అమెరికా సంగతి. బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాలలో ఆస్టియోపాత్ అంటే చేతివైద్యం మాత్రమే చేసే వృత్తినిపుణుడు. మందులు రాయడు, ఆపరేషన్లు చేయడు. అమెరికాలో డీ.ఓ. అంటే సంపూర్ణ వైద్యుడు. లండన్‌లో ఉన్న తమ్ముడూ, డాలస్‌లో ఉన్న అక్కా ఫోనులో ఒకే మాట వాడుతూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుకునే అవకాశం ఉంది.

ఇక నొప్పుల సంగతి. ప్రపంచంలో మనుషుల్ని పనికి దూరం చేసే కారణాల్లో నడుమునొప్పిది మొదటి స్థానం. 2020లో సుమారు 61.9 కోట్లమందికి ఉందని అంచనా. వీటిలో అత్యధిక భాగానికి ఫలానా ఎముక, ఫలానా డిస్క్ అని వేలుపెట్టి చూపగల కారణం దొరకదు. ఈ మాట చెబితే రోగికి కోపం వస్తుంది. మన ఇంజనీర్లకు మరీను. కారణం లేని లోపం ఉండదు కదా, ఎమ్.ఆర్.ఐ. తీయండి అంటారు. తీస్తే ఏదో ఒకటి కనిపిస్తుంది. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, నడుమునొప్పి లేని 98 మందికి ఎమ్.ఆర్.ఐ. తీస్తే 52 శాతం మందికి డిస్క్ ఉబ్బు, 27 శాతం మందికి డిస్క్ పొడుచుకు రావడం కనిపించాయి. అంటే నొప్పి లేని వెన్నులో కూడా చిత్రం నిర్దోషంగా ఉండదు. వయసుతో జుట్టు నెరిసినట్టే డిస్క్‌లో నీరు తగ్గుతుంది. 'నాకు ఎల్-ఫోర్, ఎల్-ఫైవ్ బల్జ్ ఉందట' అన్న వాక్యాన్ని జాతకంలా మోసుకు తిరిగేవారికి ఈ సంగతి తెలియడం ఒక మాత్రకంటె ఎక్కువ పనిచేస్తుంది.

అయితే నొప్పి నిజం. ఏదో ఒక చిన్న కదలికలో కీలు దగ్గరి కణజాలం కలుక్కుమంటుంది. దాన్ని కాపాడటానికి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువు వల్ల కదలిక తగ్గుతుంది, కదలిక తగ్గినకొద్దీ బిగువు పెరుగుతుంది, కదిలితే నొప్పి వస్తుందన్న భయం దానికి తోడవుతుంది. తెలుగులో 'పట్టేసింది' అనే క్రియ ఈ ప్రక్రియ మొత్తాన్నీ చెప్పేస్తుంది. గంటల తరబడి తెర ముందు కూర్చునేవారికి ఇది ఎక్కువగా మెడలోనూ, భుజాల పైభాగంలోనూ జరుగుతుంది. తల బరువు దాదాపు ఐదు కిలోలు. మెడ నిటారుగా ఉన్నంతసేపూ ఆ బరువు వెన్నుపూసల మీద ఉంటుంది; ముందుకు వంగితే మెడ వెనుక కండరాలు దాన్ని పట్టి నిలపాలి. బిందెను చంకన పెట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇది. ఆ కండరాలలో ముట్టుకుంటే జివ్వుమనే గట్టి ముడులు ఏర్పడటం, వాటినుంచి నొప్పి కణతలకో, మోచేతికో పాకడం గురించి విస్తారంగా రాసిన వైద్యురాలు జానెట్ ట్రావెల్. ఆమె డీ.ఓ. కాదు, ఎమ్.డి. కెనెడీ నడుమునొప్పికి చికిత్స చేసి వైట్ హౌస్ వైద్యురాలైంది. ఆయన ఊగుడుకుర్చీ ఆమె సలహాయే.

మనవారి విషయంలో ప్రత్యేకంగా చెప్పవలసిన కీలు భుజం. దక్షిణాసియావారికి మధుమేహం ఎక్కువ. మధుమేహం ఉన్నవారికి భుజం బిగుసుకుపోయే జబ్బు, అంటే ఫ్రోజెన్ షోల్డర్, ఇతరులకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. మొదట రాత్రిళ్ళు నొప్పి, తరువాత చేయి వెనక్కు పోకపోవడం, జడ వేసుకోలేకపోవడం, సీటు బెల్టు అందుకోలేకపోవడం. ఏడాది నుంచి మూడేళ్ళదాకా పడుతుంది. నలభై దాటిన తెలుగువారెవరికైనా కారణం లేకుండా భుజం బిగిస్తే, భుజం మర్దనకంటె ముందు రక్తంలో చక్కెర చూపించుకోవాలి. అలాగే ఒళ్ళంతా నొప్పులు, మెట్లు ఎక్కితే తొడల్లో నీరసం ఉంటే విటమిన్ డీ పరీక్ష కూడా. చలిదేశాల్లో ఇంటిపట్టున ఉండే చామనఛాయ మనుషుల్లో ఆ లోపం సాధారణం. చేయి వేయకముందు చేయవలసిన ఇటువంటి ఆలోచనే డీ.ఓ.కు వైద్యశిక్షణ ఇచ్చే అసలు ప్రయోజనం.

చేయి వేశాక ఏం చేస్తారు? మొదట వెదుకుతారు. నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి నాలుగు సంగతులు చూస్తారు: కణజాలం గట్టిపడిందా, కుడి ఎడమల మధ్య తేడా ఉందా, కదలిక ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ నొక్కితే నొప్పి. తరువాతి పద్ధతులు అనేకం. అందరికీ తెలిసినది 'కటుక్కు'మనిపించేది. కీలును దాని కదలిక చివరిదాకా తీసుకువెళ్ళి, వేగంగా, కొద్దిదూరం మాత్రం తోయడం. ఆ చప్పుడు ఎముక చోటు మారిన చప్పుడు కాదు. కీలులోని జిగట ద్రవంలో ఒత్తిడి హఠాత్తుగా పడిపోయి ఒక వాయుకుహరం ఏర్పడటం వల్ల అది వస్తుందని 2015లో కెనడా పరిశోధకులు ఎమ్.ఆర్.ఐ. యంత్రంలోనే వేళ్ళు విరిచి చూపించారు. మన అమ్మమ్మలు దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే చప్పుడు. మెటికలు విరిస్తే కీళ్ళు అరుగుతాయా అన్న సందేహానికి డోనల్డ్ ఉంగర్ అనే కాలిఫోర్నియా వైద్యుడు అరవై ఏళ్ళపాటు ఎడమచేతి మెటికలు మాత్రమే విరిచి, రెండు చేతులకూ తేడా లేదని తేల్చి, 2009లో ఇగ్-నోబెల్ బహుమతి పొందాడు.

చప్పుడు లేని పద్ధతులే నా దృష్టిలో ఎక్కువ ఆసక్తికరం. ఒకదానిలో పని రోగిదే. మెడ ఎటు తిరగడంలేదో ఆ అంచుదాకా వైద్యుడు తిప్పి పట్టుకుంటాడు. రోగి దానికి ఎదురుదిశలో ఐదు క్షణాలు మెల్లగా తోస్తాడు. వదలగానే కండరం సడలి, ఇంకొంచెం దూరం తిరుగుతుంది. మూడు నాలుగుసార్లు అలా. మరొక పద్ధతి పుట్టుక కథలా ఉంటుంది. 1955లో ఆరెగన్ రాష్ట్రంలో లారెన్స్ జోన్స్ అనే డీ.ఓ. దగ్గరకు నడుము నిటారుగా నిలపలేని ఒక రోగి వచ్చాడు. ఎన్ని వారాలు చూసినా గుణం లేదు. కనీసం రాత్రి నిద్రపట్టే భంగిమైనా వెదుకుదామని, మెత్తలు పెట్టి, ముడిచి, నొప్పి పూర్తిగా పోయిన ఒక వింత భంగిమలో రోగిని పడుకోబెట్టి జోన్స్ వేరే పనికి వెళ్ళాడు. తిరిగివచ్చేసరికి రోగి లేచి నిటారుగా నిలబడ్డాడు. బిగిసిన కండరాన్ని సాగదీయకుండా, ఇంకా కుదించి తొంభై సెకన్లు పట్టుకొని మెల్లగా వదలడమే ఈ పద్ధతి సారం. పుర్రె ఎముకల సూక్ష్మచలనాలను చేత్తో సరిదిద్దుతామనే కపాల ఆస్టియోపతీ కూడా ఈ కుటుంబంలోనిదే గాని, దానికి ఆధారాలు చాలా బలహీనం. ఇద్దరు నిపుణులు ఒకే తలను పట్టుకొని ఒకే లయను చెప్పలేకపోతున్నప్పుడు దాన్ని శాస్త్రమనడానికి నాకు నోరు రాదు.

మరి మిగిలినవి? మూడు పరీక్షలను పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. 1999లో షికాగో ప్రాంతంలో 178 మంది నడుమునొప్పి రోగులను రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు మామూలు వైద్యం, ఇంకొక జట్టుకు చేతివైద్యం ఇచ్చారు. మూడు నెలల తరువాత ఇద్దరూ సమానంగానే కోలుకున్నారు. కాని చేతివైద్యం పొందినవారు మందులు తక్కువ వాడారు. ఆనాడు ఇది పెద్ద విశేషంగా అనిపించలేదు. నల్లమందు జాతి మాత్రలు అమెరికాను ఏం చేశాయో చూశాక ఆ చివరి వాక్యం వేరుగా వినిపిస్తుంది. 2013లో టెక్సస్‌లో 455 మంది దీర్ఘకాలిక రోగులపై జరిగిన పరీక్షలో నిజమైన చికిత్స పొందినవారిలో 63 శాతం మందికి నొప్పి చెప్పుకోదగినంత తగ్గింది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలోనూ 46 శాతం మందికి తగ్గింది! 2021లో ఫ్రాన్స్‌లో 400 మందిపై జరిగిన పరీక్షలో, నిజమైన చికిత్సకూ తేలికగా తాకి వదిలిన నకిలీ చికిత్సకూ తేడా నూరు పాయింట్ల కొలమానంలో మూడు నాలుగు పాయింట్లకు మించలేదు. రోగి జీవితంలో అది తెలిసివచ్చేంత తేడా కాదని పరిశోధకులే రాశారు.

ఆ 46 శాతమే మనవాళ్ళు హస్తవాసి అన్నది. అందులో కాలం చేసే వైద్యం ఉంది, ఎవరో శ్రద్ధగా అరగంట తాకి చూశారన్న ఊరట ఉంది, ఇక కదలవచ్చునన్న ధైర్యం ఉంది. దానిపైన నేర్పు కలిపేది కొంత. టెక్సస్ ప్రకారం కొంచెం ఎక్కువ, ఫ్రాన్స్ ప్రకారం అత్యల్పం. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కొత్తగా వచ్చిన నడుమునొప్పికి మాత్రలకంటె ముందు కాపడం, మర్దన, ఆక్యుపంక్చర్, వెన్నుపూసల చేతివైద్యం ప్రయత్నించమని సూచించింది. అది వీటి మహత్తుకు ఇచ్చిన కితాబు కాదు. చాలా నడుమునొప్పులు ఆరు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, ఈలోగా హాని చేయనిదేదో వాడమనడం. చేతివైద్యంతో పాటు వ్యాయామం లేకపోతే వచ్చిన ఉపశమనం నిలవదు. మంచి డీ.ఓ. రెండో సందర్శనలోనే ఇంటిదగ్గర చేయవలసినవి నేర్పుతాడు. ముప్ఫై సిట్టింగుల ప్యాకేజీ ముందే అమ్మజూపేవారు ఏ పట్టా ఉన్నవారైనా సరే, లేచి రావడం మేలు.

హాని అసలు లేదా అంటే, మెడను వేగంగా తిప్పే పద్ధతి తరువాత మెడలోని ధమని లోపలిపొర చిట్లి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదుగా నమోదయ్యాయి. ధమని ముందే చిట్లడం వల్ల పుట్టిన మెడనొప్పితోనే వారు వైద్యుడి దగ్గరకు వెళ్ళి ఉండవచ్చునన్న వాదమూ ఉంది. ఏమైనా, హఠాత్తుగా వచ్చిన, ముందెన్నడూ ఎరగని మెడనొప్పి, దానితో తలతిరుగుడు, మాట తడబాటు, చూపు మసక ఉంటే మెడ ఎవరి చేతికీ ఇవ్వకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి. నడుమునొప్పితో మూత్రం బిగిసినా, అదుపు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా అదే రోజు ఆసుపత్రి. జ్వరం, కారణంలేని బరువు తగ్గుదల, గతంలో కాన్సర్, ఎముకలు గుల్లబారడం, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడటం, పడిన దెబ్బ: వీటిలో ఏది ఉన్నా మొదట చెప్పవలసినది అదే. పల్లె నుంచి వచ్చి ఆర్నెల్లు మన దగ్గరుండే అమ్మానాన్నల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాళ్ళు నొప్పి గురించి చెబుతారు గాని పాత జబ్బుల సంగతి అడిగితే తప్ప చెప్పరు.

చివరగా, ఇళ్ళలో తగ్గుగొంతుతో జరిగే ఒక చర్చ. పిల్లకు ఎమ్.డి. కళాశాలలో సీటు రాలేదు, డీ.ఓ.లో వచ్చింది, చేరాలా, ఇంకో ఏడాది ఆగాలా? 'చేరితే మావాళ్ళకేమని చెప్పను' అని ఒక తండ్రి నన్నడిగాడు. ఆయన గుంటూరులో చదివి, ఇక్కడ ఎవరూ పోని ఊళ్ళో రెసిడెన్సీ చేసి, విదేశీ పట్టా అన్న చిన్నచూపును పదేళ్ళు భరించిన వైద్యుడు. నేడు అమెరికాలో వైద్యం చదివేవారిలో నాలుగోవంతుకు పైగా డీ.ఓ. విద్యార్థులే. గత కొన్నేళ్ళుగా వారిలో 90 శాతానికి పైగా రెసిడెన్సీ పొందుతున్నారు. ట్రంప్ మొదటి పాలనాకాలంలో షాన్ కాన్లీ, బైడెన్‌కు కెవిన్ ఓకానర్ వైద్యులు; ఇద్దరూ డీ.ఓ.లే. న్యూరోసర్జరీ, చర్మవైద్యం వంటి పోటీ ఎక్కువ ఉన్న శాఖల్లో మాత్రం వారికి దారి ఇంకా ఇరుకే. ఆ సంగతి దాచకుండా పిల్లలకు చెప్పాలి. పిల్లలు చెప్పవలసినది కూడా ఒకటుంది: నాలుగేళ్ళలో సుమారు 200 గంటలు నేర్చుకునే చేతివైద్యాన్ని తరువాత ఎంతమంది చేస్తున్నారు? ఇటీవలి ఒక సర్వేకు జవాబిచ్చిన డీ.ఓ.లలో సగానికి పైగా ఏ రోగికీ చేయడం లేదన్నారు. సమయం లేదు, భీమా సంస్థ సరిగా ఇవ్వదు, అలవాటు తప్పింది.

అందుకే పేరు చివర డీ.ఓ. చూసి అపాయింట్‌మెంట్ తీసుకున్నవారికి చాలాసార్లు మామూలు వైద్యమే దొరుకుతుంది. చేతివైద్యమే కావాలనుకుంటే ఫోను చేసినప్పుడే అడగాలి. న్యూరోమస్కులోస్కెలిటల్ మెడిసిన్ అనే ప్రత్యేక శాఖలో ధ్రువీకరణ ఉన్నవారైతే రోజూ చేసే పని అదే. బిల్లు తాకిన శరీరభాగాల లెక్కన వస్తుంది: ఒకటి రెండు భాగాలకు 98925, అక్కడినుంచి పెరుగుతూ తొమ్మిది పది భాగాలకు 98929 అనే సంకేతం. సందర్శన రుసుము దానికి వేరు. ఏది భీమాలో వస్తుందో, ఏది రాదో ముందురోజే కనుక్కొని వెళితే, బల్ల మీద పడుకున్నప్పుడు కండరాలు కొంచెం సులువుగా సడలుతాయి.